శనిని చూపించినందుకు

ఆదివారం రాత్రి, భోగాపురం

నిన్న సముద్రపొడ్డున టెలిస్కోపు పెట్టి జనానికి శనిగ్రహాన్ని చూపించాను. మూఢనమ్మకం మీద దెబ్బ కొట్టాలని పట్టుబట్టి శనివారమే పెట్టాను. చెల్లెలి కూతురు గౌరి వలయాలు చూసి, "ఎంత బాగున్నాది మావయ్యా! మళ్లీ సూపించవా?" అని నన్ను వదల్లేదు.

ఈ ఉదయం బావ పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. వేరే పడవవాళ్లు ఒడ్డుకి లాక్కొచ్చారు. నేను వెళ్లేసరికి చెల్లెలు గౌరికి నువ్వులనూనెతో తలంటుతోంది.

"శని కళ్లలో కళ్లెట్టి సూస్తే ఊరుకుంటాడేటి, అన్నయ్యా?"

"ఇంజను పాతదే! శనికి కళ్లెక్కడున్నాయే?"

"నీ వాదన మీటింగులో సెప్పుకో. నా మొగుడు సచ్చి బతికినాడు."

ఇవతలికి వచ్చేశాను. చంద్రుడి మీద మన నౌక దిగితే టపాసులు కాల్చిన ఊరే ఇది! ఇన్నేళ్ల నా కరపత్రాలు, ఉపన్యాసాలు ఎవరి చెవికెక్కినట్టు?

చీకటి పడ్డాక గౌరి కిరాణా కొట్టుకి వెళ్తూ ఎదురైంది. తూర్పున శని వెలుగుతోంది. గౌరిని పేరు పెట్టి పిలిచాను. చున్నీ నెత్తి మీదికి లాక్కుని, ఇసుక వైపే చూసుకుంటూ నా పక్కనుంచే వెళ్లిపోయింది.