పక్క మడి

మార్చి 3, ఆదివారం
మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలానికి ఈ రోజుకు మోక్షం వచ్చింది. పదేళ్ళుగా చెత్తంతా అక్కడే పోశాం. నేనూ పోశాను, అబద్ధమెందుకు. మా బిల్డింగ్‌లో పనులు చేసే ప్లంబరు ఇంటింటికీ తిరిగి పదిహేను మందిని పోగేశాడు. అక్కడ కూరగాయలు పెంచుకోవడానికి పర్మిషన్ కాయితం కూడా తెచ్చాడు. లారీ నిండా చెత్త వెళ్ళింది. విరిగిన కమోడ్ ఒకటి, ఒంటి చెప్పులు లెక్కలేనన్ని. నడుం పట్టేసింది.

మార్చి 10
మడులకు చీటీలు తీశారు. నాకు ఏడో మడి. పక్కనే ఎనిమిదోది మా తోటికోడలికి. మా పై అంతస్తులోనే ఉంటుంది. ఆరేళ్ళుగా మాటల్లేవు. చీటీ మార్చమన్నాను. ప్లంబరు కుదరదన్నాడు.

మార్చి 17
తవ్వితే మట్టి కంటే టైల్సు ముక్కలే ఎక్కువ. పార ఇమ్మని ఆవిడ ప్లంబరుతో చెప్పిస్తుంది. పని అయ్యాక ఇస్తానని నేనూ అతనితోనే చెప్పిస్తాను. మధ్యలో అతను నలిగిపోతున్నాడు. ఆవిడ మడి అద్దంలా చదునుగా ఉంది. ఒళ్ళు మండింది.

మార్చి 18, పొద్దున 6
గొడవ దేనికో గుర్తులేదని అందరికీ చెబుతుంటాను. ఇక్కడ కూడా అదే రాస్తే ఎలా? అత్తయ్య పోయిన రోజు ఆవిడ నలుగురిలో అంది, నేను ఆస్పత్రిలో పనిచేస్తూ కూడా జబ్బు కనిపెట్టలేకపోయానని. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. అత్తయ్య రక్త పరీక్ష చేసింది నేనే. అప్పటినుంచి ఎవరి రిపోర్టయినా మూడుసార్లు చూస్తాను. అయినా నమ్మకం కుదరదు.

ఏప్రిల్ 2
టమాటా మొలిచింది.

ఏప్రిల్ 21
వారం రోజులు ట్రైనింగ్‌కని వేరే ఊళ్ళో ఉన్నాను. ఎండలు నిప్పులు చెరిగాయి. నీళ్ళు పొయ్యమని మా ఆయనకు అప్పగించి వెళ్ళాను. మర్చిపోయారట. బ్యాగు గుమ్మంలో పడేసి పరుగెత్తాను. మొక్కలు పచ్చగా, నిటారుగా ఉన్నాయి. ఎవరో కర్రలు పాతి చీర పీలికలతో కట్టారు. ఆ చీర నాకు తెలుసు. ఆవిడది.

ఏప్రిల్ 22
పొద్దున్నే కిందికి వెళ్ళాను. ఆవిడ కలుపు తీస్తోంది. థాంక్స్ అక్కా అన్నాను. మన గొడవ మొక్కలకేం తెలుసంది, తలెత్తకుండా. కాసేపటికి చేతులు దులుపుకుంది.

"ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తయ్య పోయిన బాధ ఎవరో ఒకరి మీద చూపించాలనిపించింది. నువ్వు దొరికావు."

"నిజంగానే ఏదో చూడకుండా వదిలేశానేమోనని నాకూ ఉందక్కా."

"వదల్లేదు. అది రక్తంలో తెలిసే జబ్బు కాదని డాక్టరు మీ బావగారికి అప్పుడే చెప్పాడు. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఆరేళ్ళు. కోపం ముంచుకొచ్చింది. అంతలోనే ఏడుపొచ్చింది. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఏడ్చాం. ప్లంబరు నీళ్ళ పైపుతో వచ్చాడు, మమ్మల్ని చూసి అటునించి అటే వెళ్ళిపోయాడు.

జూన్ 9
టమాటాలు తిన్నన్ని తిని, పంచినన్ని పంచాం. అన్నదమ్ములిద్దరూ కలిసి కంచె కడుతున్నారు, వంకరగా. ఈ వారం ల్యాబులో ప్రతి రిపోర్టూ ఒక్కసారే చూసి సంతకం పెట్టాను.

జూన్ 30
నీళ్ళ వంతు దగ్గర అక్కా నేనూ అరగంట పోట్లాడుకున్నాం. జనం బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.