తాతయ్య తుడిచిన కిటికీ

చిట్టితల్లీ, కూర పొయ్యి పక్కన ఉంది, పళ్ళెం మూతపెట్టాను. డ్యూటీ నుంచి రాగానే చల్లటిదే తినెయ్యకు, వేడి చేసుకో.

ఫస్టు క్లాసు టిక్కెట్టు తెచ్చావని నిన్న నీమీద ఎగిరాను. "ముసలిదానికి మామూలు పెట్టె చాలదటే?" అన్నాను. నువ్వు మూతి ముడుచుకుని వెళ్ళిపోయావు. నాకు మనసాగక సాయంత్రం స్టేషనుకెళ్ళి, ఆ బండి ఆగినప్పుడు లోపలికి తొంగి చూశాను. ఏం చెప్పనే తల్లీ! గదికి తలుపు, తలుపుకి లోపల గడియ, ఒక్కొక్కరి తల దగ్గర ఒక్కో దీపం! నేనేమో పుట్టి బుద్ధెరిగాక రైల్లో ట్రంకుపెట్టె మీదే కూర్చున్నానాయె.

మీ తాతయ్య ముప్ఫై ఏళ్ళు ఆ పెట్టెల కిటికీలు బయటినుంచి తుడిచాడు. ఆ దీపాల సంగతి చెప్పినప్పుడల్లా "చాల్లే నీ కోతలు" అని నోరు మూయించేదాన్ని. ఒక్క ముక్కా అబద్ధం కాదే! పాపం, లోపల మాత్రం ఏనాడూ కూర్చోలేదు.

అందుకే నువ్విచ్చిన టిక్కెట్టు మీదే వెళ్తున్నాను. మీ అత్త ఇల్లు చేరగానే ఫోను చేయిస్తా. అలక మానెయ్.

తాతయ్య తుడిచే గుడ్డ కనబడలేదని వెతక్కు, నా సంచిలో ఉంది. బయటివైపు ఆయన తుడిచాడు. లోపలివైపు నేను తుడుస్తాను.