డూగల్ టోపీ మీద పెంటికలు

లోర్నా అక్కకి,

తుంటి ఆపరేషన్ బాగా జరిగిందని మీ అమ్మాయి ఫోన్ చేసింది. కుట్లు నొప్పెట్టినా సరే, ఇది చదివి నువ్వు నవ్వాలి.

కార్చిచ్చు తర్వాత మన లోయలో కోవాలాలు మిగల్లేదనే అందరూ అనుకున్నారు కదా. ఈసారీ జాడ దొరక్కపోతే సర్వే ఆపేస్తామన్నారు అటవీశాఖ వాళ్లు. నువ్వు మొదలుపెట్టిన పని నా చేతుల్లో ముగిసిపోతుందేమోనని బెంగపడుతూనే, ఆదివారం ఊరివాళ్లను వెంటబెట్టుకుని వాగు గట్టుకు వెళ్లాను. ప్రతి జామాయిల్ చెట్టు కిందా పెంటికల కోసం వెతికాం. మధ్యాహ్నం దాకా ఒక్కటీ లేదు.

పశువులు మేపే మన డూగల్ కూడా వచ్చాడు, నేను చేసిన కేకు కోసం.

"కనపడని జంతువుల్ని లెక్కపెట్టడానికి ఇంతమందా?" అని వెక్కిరిస్తూ ఓ చెట్టు నీడన చేరగిలబడ్డాడు. ఇంతలో అతని టోపీ మీద టపటపా ఏవో రాలాయి.

"ఎవడ్రా నామీద విసిరేది?" అంటూ లేచాడు.

చూస్తే తాజా పెంటికలు! తలెత్తితే కొమ్మ పంగలో తల్లి కోవాలా, దాని వీపు మీద పిల్ల. మేమంతా కేరింతలు కొట్టబోతే, ఊరంతా వినపడేలా మాట్లాడే డూగల్ గొంతు తగ్గించి, "ఉష్! అరవకండర్రా, బాలింత అది" అన్నాడు.

మేం పంపిన ఫోటోలు చూసి, అటవీశాఖ వాళ్లు సర్వే కొనసాగించమన్నారక్కా. తల్లీపిల్లల జోలికి పోకుండా డూగల్ తన కుక్కల్ని కట్టేశాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆ చెట్టు కిందే కూర్చున్నాడు.

"నేను ఏడ్చానని మాత్రం మీ అక్కకి రాయకు" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

అందుకే రాయడం లేదు.

నీ చెల్లెలు