రెండు సుడుల తల

అన్నయ్యా,
ఇద్దరం క్షేమమే గానీ నా మనసే కుదురుగా లేదు. నదిలో మునిగాం, గుళ్ళు తిరిగాం. ఈ ఊరు ఎన్నడూ చూడలేదన్న మా ఆయన ఎవర్నీ దారి అడగకుండా సందులన్నీ తిప్పారు. ఓ మలుపు తిరగకముందే "తల వంచు, దూలం తగుల్తుంది" అన్నారు. తిరిగితే నిజంగానే దూలం!

తర్వాత రేవు మెట్ల మీద క్షవరాలు చేసే ముసలాయన ఈయన నెత్తి చూసి, "ఈ రెండు సుడుల తల నేను గీసిందే! సన్యాసమన్నారు, మళ్ళీ జుట్టు పెంచేశారే సామీ!" అన్నాడు. "ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో" అంటూ ఈయన నన్ను లాక్కుపోయారు. రెండు సుడులుంటే రెండో పెళ్ళి తప్పదన్నారని ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ మీద కన్నేసి ఉంచాను. అనుమానించాల్సింది కాషాయాన్నా?

మా పెరటి తలుపు గడియ పడిందో లేదో ఓసారి లాగి చూడు. పక్కింటావిడకి తాళం ఇవ్వకు.

మా పెళ్ళికి లగ్నం పెట్టుకున్నాక ఈయన కనపడకపోతే, "స్నేహితుడింట్లో ఉన్నాడు" అంటూ నువ్వే వెంటబెట్టుకొచ్చావు. ఏ స్నేహితుడు? ఈయన నన్ను తలుచుకుని తిరిగొచ్చారా, నిన్ను చూసి జడిసి వచ్చారా? జవాబు కార్డు మీద రాయకు, కవరులో పెట్టు.

వదినకి నమస్కారాలు. నీకు పెట్టాలో వద్దో కవరు విప్పాక చూస్తాను.

చెల్లి