నా కుడి చెవికి సంబంధించిన వీలునామా

వినికిడి పరీక్షల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తోనే రాసుకుంటున్న కాగితం ఇది. మతి స్థిమితంగా ఉందని రాయాలట. మతి స్థిమితంగానే ఉంది, మనసే లేదు. మూడు కాగితాలు చించాక ఇది నాలుగోది. వచ్చే బుధవారం నా గొంతులో గడ్డ తీస్తారు. నా భయం దాని గురించి కాదు, అంతకు ముందొచ్చే సోమవారం గురించి. ఆ సంగతి అయిదో అంశంలో ఉంది. చదివేవాళ్లు దయచేసి మధ్యలో లేవొద్దు.

1. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడిది. వాడు కోపిష్టి, కానీ మాట తప్పడు. ఒరేయ్, కళ్లజోడు కోసం ఇల్లంతా తిరగకు, నెత్తి మీద చూసుకో.

2. నేనుంటున్న రెండు గదుల ఫ్లాటు నా స్వార్జితం. దాని మీద సర్వహక్కులూ నా మేనకోడలికి, అంటే తమ్ముడి కూతురికి, చెందుతాయి. వంటగది కిటికీ గడియ ఊరికే పడదు, పైకెత్తి తోయాలి. బీరువా మాత్రం మా మరదలికి. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట నోరు తెరిచి అడిగితే ఇవ్వనన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తీసుకో అమ్మా, తలుపు కిర్రుమంటుంది, కాస్త నూనె వెయ్యి.

3. మా ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ గుమాస్తాకి ఏమీ ఇవ్వడం లేదు. వరండాలో వెనకనుంచి పిలిస్తే పలకలేదని నన్ను చెవిటి మేళం అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడన్నది నిజం మరి.

4. నేను పోయిన ఆరు గంటల్లోపు నా రెండు చెవుల లోపలి ఎముకలు మా చెవి పరిశోధన విభాగానికి ఇవ్వాలి. ఆలస్యమైతే లోపలి సన్న కణాలు పాడైపోయి ఎందుకూ పనికిరావు. అక్క తలకాయ కోయనివ్వనని గొడవ చేయకురా, ముఖం ఏమీ మారదు. అక్కడ ఎముకని పల్చటి పొరలుగా కోసే ఉద్యోగిని అందరూ రంపం మాస్టారంటారు, చెయ్యి వణకని మనిషి. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి, తర్వాత ఏడువు.

5. ఇది ఆస్తి కాదు, నా తప్పు.

పదకొండేళ్ల కిందట నాకు తల తిరిగే జబ్బు వచ్చి కుడి చెవిలో హోరు మొదలైంది, వినికిడీ తగ్గింది. అప్పుడే మా పెద్ద డాక్టరుగారు చెవిలోకి ఇచ్చే ఒక కొత్త సూదిమందు మీద పరిశోధన మొదలుపెట్టారు. నేనూ చేరాను. మూడో సూది తర్వాత ఆ చెవిలో ఉన్న కాస్త వినికిడీ పోయింది. చెప్పలేదు. వినికిడి పరీక్షలు చేసే మనిషికే చెవి పోయిందంటే తీసుకెళ్లి కౌంటర్లో కూర్చోబెడతారని భయం.

పరీక్షలో చిన్న కూతలు వినిపిస్తారు, వినపడితే బొత్తం నొక్కాలి. నొక్కితే శబ్దం పది పాయింట్లు తగ్గిస్తారు, నొక్కకపోతే అయిదు పెంచుతారు. ఆ వరస నాకు కంఠతా. పైగా పరీక్ష చేసే పిల్ల నా దగ్గర పని నేర్చుకున్నదే. కూత వదిలినప్పుడల్లా దాని భుజం కదలడం మధ్యనున్న గాజు కిటికీలోంచి కనపడుతుంది. అందుకే పేషంటు గాజుకి వీపు పెట్టి కూర్చోవాలని నియమం రాసింది నేనే. ఆ పిల్ల గుర్తుచేస్తే, నాకే చెబుతావా అని కసిరాను. ఏమీ వినపడకుండానే ఏటేటా వినికిడి గ్రాఫులో నాకు కావలసిన గీత గీయించుకున్నాను.

మిగతావాళ్లు ఒక్కొక్కరే మానేశారు. చివరికి మిగిలిన అయిదుగురిలో బ్రహ్మాండంగా ఉన్న చెవి నాదే! డాక్టరుగారు నా గీతని తెర మీద చూపించి మురిసిపోతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఛీ, నా బతుకు.

ఇప్పుడు అదే జబ్బు నా మేనకోడలికి వచ్చింది. ఫోన్లో ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం దానిది. కుడి చెవి సగం పోయింది, మిగిలిన ఎడమ చెవిలోనూ హోరు మొదలైంది. దాన్ని నిలబెట్టుకోవడానికి సోమవారం పొద్దున పదింటికి అదే సూది. మా అత్తకి పనిచేసిందిగా అని ధైర్యంగా సంతకం పెట్టి వచ్చింది. నిజం చెబుదామని మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను, మూడుసార్లూ టీ తాగి వచ్చాను. వీలునామాలో రాస్తే నోరు విప్పే పని ఉండదనుకున్నాను. తర్వాత బుర్రకెక్కింది, వీలునామా మనిషి పోయాకే తెరుస్తారు. సోమవారం అందాకా ఆగుతుందా?

తల్లీ, నన్ను తిట్టు, ఫ్లాటు తీసుకో. ఏ వైద్యం చేయించుకుంటావో నీ ఇష్టం. నా అబద్ధాన్ని నమ్మి మాత్రం ఆ చెవి అప్పగించకు.

6. అందుచేత పై అయిదో అంశం నా మరణంతో నిమిత్తం లేకుండా, సంతకం పడిన క్షణం నుంచే అమలులోకి వస్తుంది. సాక్షులు లోపలి విషయం చదవనక్కర్లేదని తెలుసు. అయినా పెద్ద డాక్టరుగారు ప్రతి అక్షరం చదివాకే సంతకం పెట్టాలి, ఆయన్ని సాక్షిగా పిలిచింది అందుకే. ఈ మధ్యాహ్నం గాజుకి వీపు పెట్టి కూర్చుని మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. కుడి చెవికి ఒక్కసారి కూడా నొక్కలేదు. మిషన్ పాడైందనుకుని ఆ పిల్ల తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టింది. మిషన్ బాగానే ఉందమ్మా, పోయింది నా చెవే అని చెప్పాను. ఆ గీత దీనికి జతచేశాను.

తేదీ: 14-11-2025, శుక్రవారం సాయంత్రం

సంతకం: వినికిడి పరీక్షల గది పెద్దమేడమ్

సాక్షులు:

ఒకటి, రంపం మాస్టారు. నా ఎదుటే సంతకం చేశారు.

రెండు, చెవి విభాగం పెద్ద డాక్టరు. అంతా చదివాను, అయిదో అంశం రెండుసార్లు చదివాను. సోమవారం సూది ఆపించాను. ఎందుకో మాత్రం నేను చెప్పలేదు. మీ మేనకోడలిని పిలిపించాను, బయట బెంచీ మీద కూర్చుంది.