యవల కంపెనీ

ముంచింగిపుట్టు,
నవంబరు 9.

నా తల్లీ సత్యకుమారీ,

నీకు ఉత్తరం రాసి నాలుగేళ్లయింది. ప్రార్థనతో మొదలుపెట్టాలని కూర్చున్నాను, మాట రాలేదు. అందుకే జరిగిందే రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం ప్రార్థనమందిరం తలుపు వేసుకుని, నువ్వు పంపిన విస్కీ తాగాను.

ఇరవై రెండేళ్లుగా ఈ కొండల్లో పాస్టరుగా వాక్యం చెబుతూ సారా మీద నిప్పులు కురిపించినవాణ్ణి. నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు "యవలతో పని నాన్నా" అన్నావు. బైబిల్లో తప్ప యవలు, అదే బార్లీ గింజలు, ఎరగనివాణ్ణి. అందులో బోయజు పొలంలో యవల పరిగె ఏరుకున్న రూతే నా కళ్ల ముందు నిలిచింది. ఆ ఆదివారం సంఘాన్నంతా నిలబెట్టి నీ యవల కంపెనీ కోసం స్తోత్రాలు చెప్పించాను. ఏడాది తర్వాత సంతలో సంఘపెద్ద బుధు తన ఫోనులో మీ కంపెనీ విస్కీ సీసాల బొమ్మ చూపించి, "ఏటి గాసన్నా, మీ రూతు యవలేరుతోందన్నావు, సీసాలకెత్తుతోంది గదేటి!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు పాపం మీద కోపం రాలేదమ్మా, ఆ నవ్వు మీద వచ్చింది. మరుసటి ఆదివారం వేదిక మీద నుంచి నీ పేరెత్తి, నిన్ను సంఘానికి పరాయిదాన్ని చేశాను. తాగి బట్టల్లేకుండా పడుకున్న తండ్రి నోవహు మీద బట్ట కప్పిన కొడుకుల గురించి ఎన్నిసార్లు చెప్పానో! నా బిడ్డ మీది బట్ట నేనే లాగేశాను.

అది నీకు తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. ఆగస్టులో మీ అమ్మ నిర్మల మంచాన పడ్డాక నీ పార్సిలు వచ్చింది. "అమ్మా, ఈ విస్కీ ఊరిన పీపాను వాసన చూసి ఎంచింది నేనే. మూడేళ్లదే, ఇంకా పసిది" అని రాశావు. అమ్మే చదువుకుంది. సీసాను ఒళ్లో పెట్టుకుని, "ఓపాలి మూత తియ్యి. తాగన్లే. మన గుంట సేతిపని, వాసన సూత్తాను" అంది. "నా ఇంట్లో ఆ మూత తెరుచుకోదు" అన్నాను. మర్నాడూ అడిగింది. "ముక్కుతో సేసిన పాపం కూడా రాసుకుంటాడేటి దేవుడు?" అని నవ్వింది. సీసా తీసుకెళ్లి మందిరంలో డోలు వెనక దాచేశాను. ఇక అడగలేదు. తొమ్మిదో రోజున వెళ్లిపోయింది. సమాధి దగ్గర నువ్వు అటు చివర నిలబడి ఏడుస్తుంటే ఈ మాట నా నోట్లోనే ఉంది. చెప్పలేదు.

నిన్న స్టీలు గ్లాసులో రెండు చెంచాలు పోశాను. ఎండుగడ్డి రంగు. ముక్కు దగ్గరికి రాగానే పొగ. మట్టి కాలుతున్న పొగ, దాని వెనక ఆసుపత్రి మందు ఘాటు. యవలు ఆరబెట్టేటప్పుడు కింద పీట్ అనే బురదమట్టి కాలుస్తారని సీసాతో పాటు నువ్వు రాసి పంపిన కాగితం పక్కనే పెట్టుకున్నాను. నాలుక మీద ఉప్పు, మిరియం. గొంతు మండి దగ్గాను. నువ్వు రాసినట్టే నాలుగు చుక్కల నీళ్లు వేశాను. దురుసు తగ్గి, వేయించిన గింజల తీపి మెల్లగా పైకొచ్చింది. మింగాక కూడా పొగ చాలాసేపు పోలేదు. అందులో సాతానును వెతికాను తల్లీ. నీ ఓపిక కనిపించింది. మీ అమ్మకు నేను అందనివ్వనిది విస్కీ కాదు, నిన్ను.

పదిహేడో తేదీ ఆదివారం ఇదంతా సంఘం ముందు చెప్పి, నీ పేరెత్తి క్షమాపణ అడుగుతాను. ఆ తర్వాత వాక్యం చెప్పడం మానేస్తాను.

నీ నాన్న,
గాసి


ముంచింగిపుట్టు,
నవంబరు 18.

సత్యా, నా తల్లీ,

నా ఉత్తరం అందాక శనివారం నువ్వు ఫోనులో అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. "మళ్లీ నన్ను పెసంగం సెయ్యకు నాన్నా. అప్పుడు తిట్టి సెప్పావు, ఇప్పుడు ఏడిసి సెప్తావు. నాకు రెండూ ఒకటే." అని పెట్టేశావు.

నిన్న వేదికెక్కాను. కన్నీళ్లు సిద్ధంగా ఉన్నాయి, మాటలూ సిద్ధంగా ఉన్నాయి. జనాన్ని ఏడిపించగలనని నాకు తెలుసు. దానికే భయమేసింది. "ఈరోజు వాక్యం లేదు" అని దిగిపోయాను. బుధు వెంటపడి, "ఒంట్లో బాగోలేదేటి గాసన్నా?" అన్నాడు. అవునన్నాను.

ఇది నీకు మాత్రమే చెప్పాల్సిన మాట, నీ ముందు నిలబడి. నువ్వు ఇక్కడికి రావు, రమ్మని అడగను. నేనే వస్తాను. మీ కంపెనీ గేటు బయట నిలబడతాను. నువ్వు బయటికి రాకపోతే తిరిగి వచ్చేస్తాను.

మీ కంపెనీకి రావాలంటే బెంగుళూరు దాటాక ఏ స్టేషనులో దిగాలి? అదొక్కటి రాయి.

నాన్న