కవచం పట్టీ

మార్చి 3, సోమవారం
మ్యూజియంకి సెలవు. అయినా అక్క వచ్చింది. తన కొడుకు, నా మేనల్లుడు, యుద్ధంలో పోయి రెండేళ్లు. అప్పటినుంచి ఒక్క సోమవారం మానలేదు. క్యూరేటర్ అక్క కదా, వాచ్‌మన్ వెనక గేటు తీస్తాడు.

పై గ్యాలరీలో ఒక్క పెయింటింగే చూస్తుంది. యుద్ధదేవుడు కూర్చుని ఉంటాడు. ఐదేళ్ల పసివాడు ఆయన కవచం పట్టీ పట్టుకుని ఉంటాడు. కింద నేను రాసిన లేబుల్: పిల్లవాడు కవచం విప్పుతున్నాడు, పసితనం ముందు యుద్ధం ఓడిపోయింది. అక్కకి అది కంఠతా వచ్చు. పిల్లవాడి ముక్కు అచ్చం వాడిదేనంటుంది. నేను ఊ కొడతాను.

మార్చి 11
బొమ్మని క్లీనింగ్‌కి దించారు.

మార్చి 19, మధ్యాహ్నం 3
పాత బొమ్మలు బాగుచేసే రెస్టోరర్ పిలిచింది. నల్లబడిన వార్నిష్ అంతా తీసేసింది. భూతద్దం చేతిలో పెట్టి పట్టీ చూడమంది. పట్టీ కొస బకిల్‌లోకి పోతోంది. పిల్లవాడు నాలుక కొరుక్కుని మరీ బిగిస్తున్నాడు. విప్పడం కాదు, తొడుగుతున్నాడు. దేవుడు యుద్ధం నుంచి రాలేదు, బయల్దేరుతున్నాడు.

పదకొండేళ్లుగా గోడ మీద నా అబద్ధం. ఫొటో చూసి రాసేసిన మొనగాణ్ణి! నిచ్చెనెక్కి ఒక్కసారి చూస్తే నా సొమ్మేం పోయేది?

మార్చి 20
డైరెక్టర్ పాత లేబులే ఉంచమన్నాడు. జనానికి అదే నచ్చిందట, పట్టీ ఎవడు చూడొచ్చాడట. పైకి వాదించాను. లోపల హమ్మయ్య అనుకున్నాను, అక్కకి చెప్పే బాధ తప్పిందని. పిరికి వెధవని.

మార్చి 28
రెస్టోరర్ ఎదురొస్తే మొహం చాటేస్తున్నాను. ఇక లాభం లేదు. కొత్త లేబుల్ రాసి, డైరెక్టర్ వెంటపడి సంతకం పెట్టించాను. "ఏం చేస్తున్నాడో తెలియక, పిల్లవాడు యుద్ధానికి కవచం తొడుగుతున్నాడు." ఆ "తెలియక" అక్క కోసం.

ఏప్రిల్ 7, సోమవారం
బొమ్మ మళ్లీ గోడెక్కింది. అక్క కొత్త లేబుల్ చదివింది. మళ్లీ చదివింది. నన్ను కొట్టినా బాగుండేది.

వెళ్లే రోజు వాడి యూనిఫాం గుండీలు తనే పెట్టిందట. వాడు వెళ్లనని ఏడ్చాడట. నలుగురిలో పరువు తీయొద్దని కసిరిందట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదంది.

తర్వాత లేబుల్ మీద వేలు పెట్టి "తెలియక" తీసేయమంది. చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు అక్కా అన్నాను. నేను చెప్పేది పిల్లాడి గురించి కాదురా అంది.

ఏప్రిల్ 8
"తెలియక" తీయలేదు. ఆ రోజు వాణ్ణి స్కూటర్ మీద స్టేషన్‌లో దింపింది నేనే. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు.